మందు ఆపితే ప్లాస్మిడ్ పోతుందా?

మిర్యాలగూడ

బిడ్డలారా,

మొన్న మీరు అడిగిన ప్రశ్నకు ఫోన్లో నాలుగు మాటలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ల మీద ఉంటాయి, ప్లాస్మిడ్‌ను మోయడం బ్యాక్టీరియాకు భారం. మరి మందు వాడకం ఆపేస్తే ఆ భారం మోసేవి వెనకబడి, ప్లాస్మిడ్ దానంతట అదే పోవాలి కదా అమ్మమ్మా అన్నారు. లెక్క ప్రకారం పోవాలి.

ఆ లెక్క ఒకసారి వేసి చూడండి. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా లోపల అసలు క్రోమోజోమ్‌తో కలవకుండా విడిగా ఉండే చిన్న డీఎన్ఏ, ఎక్కువగా గుండ్రంగా ఉంటుంది. 1952లో జాషువా లెడర్‌బర్గ్ దానికి ఆ పేరు పెట్టాడు. దాన్ని కాపీ చేయాలి, దాని జన్యువులతో ప్రొటీన్లు తయారు చేయాలి, అంతా ఖర్చే. ప్లాస్మిడ్ లేని బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండు అవుతుందనీ, ఉన్నదానికి 21 నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. రెండు గుంపులూ సమానంగా మొదలై, తిండికి కొదవ లేకపోతే, ఒక్క రోజులో లేనివి ఉన్నవాటికి దాదాపు 11 రెట్లు అవుతాయి. వారం తిరిగేసరికి కోటిన్నర రెట్లు దాటుతాయి. ఒక్క నిమిషం తేడాకే ఇంత! అయినా మట్టిలో, మురుగునీళ్లలో, మన పేగుల్లో ఎక్కడ వెతికినా ప్లాస్మిడ్లు దొరుకుతూనే ఉన్నాయి.

కొన్ని ప్లాస్మిడ్లు తిన్నదానికి మించి సంపాదించి పెడతాయి. మన నల్లగొండ చేన్లలో వేసే బీటీ పత్తికి పురుగును చంపే జన్యువు బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. ఆ బ్యాక్టీరియాలో ఇలాంటి జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్ల మీదే ఉంటాయి. పురుగు చస్తే దాని ఒళ్లే బ్యాక్టీరియాకు తిండి, కాబట్టి అక్కడ మోత గిట్టుబాటే. కానీ మీరడిగింది ఏ లాభమూ లేని రోజుల సంగతి.

లాభం లేకపోయినా ప్లాస్మిడ్ నిలవడానికి మూడు దారులు చెబుతాను. మొదటిది, నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది, ఎఫ్ అనే ప్లాస్మిడ్ పద్ధతి. 1983లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒగురా, హిరాగా దీన్ని బయటపెట్టారు. ఈ ప్లాస్మిడ్ మీద పక్కపక్కనే రెండు జన్యువులు ఉంటాయి. ఒకటి విషం తయారు చేస్తుంది, రెండోది విరుగుడు. విషం గట్టిది, చాలాసేపు నిలుస్తుంది. విరుగుడు త్వరగా నశిస్తుంది, అందుకే ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూ ఉండాలి. కణం రెండుగా చీలినప్పుడు ఒక పిల్లకణానికి ప్లాస్మిడ్ అందలేదనుకోండి. తల్లి నుంచి వచ్చిన విషం, విరుగుడు రెండూ అందులో మిగిలి ఉంటాయి. విరుగుడు ముందు అయిపోతుంది, దాన్ని మళ్లీ తయారు చేసే జన్యువు లేదు. ఇక ఆ కణం పెరగలేదు, చాలావరకు చచ్చిపోతుంది. ఆ విషం దెబ్బకొట్టేది గైరేజ్ అనే ఎంజైమును. మనం మెడికల్ షాపులో కొనే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా దాన్నే దెబ్బకొడుతుంది. చూడండి, ప్లాస్మిడ్ తనను మోసేదానికి ఏ మేలూ చేయలేదు. తనను పోగొట్టుకున్నదాన్ని బతకనివ్వలేదు, అంతే. ప్లాస్మిడ్‌కు బుద్ధి ఉందని మాత్రం అనుకోకండి. ఇలాంటి జత లేని ప్లాస్మిడ్లు తేలిగ్గా జారిపోయాయి, ఉన్నవి మిగిలాయి.

రెండో దారి పంచడం. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ బ్యాక్టీరియా ఒకదాని జన్యువులు ఇంకొకదానికి చేరతాయని చూపించారు. చాలా ప్లాస్మిడ్లు అలా పక్క కణంలోకి వెళ్లగలవు. డీఎన్ఏకు ఉన్న రెండు పోగుల్లో ఒకటి అటు వెళ్తుంది, రెండో పోగును రెండు కణాలూ ఎక్కడికక్కడ కొత్తగా అల్లుకుంటాయి. పక్కింటికి తోడుపెరుగు ఇచ్చినా మన గిన్నెలో పెరుగు ఉన్నట్టే, ఇచ్చినదానికీ ప్లాస్మిడ్ మిగులుతుంది. 1950లలో జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా అనే బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఆ శక్తి మన పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియాతో ఇచ్చిపుచ్చుకునేదేనని అక్కడివాళ్లు కనుగొన్నారు. పంచుకునే వేగం పోగొట్టుకునే వేగాన్నీ మోత ఖర్చునూ మించితే చాలు, ప్లాస్మిడ్ నిలుస్తుంది. బ్రూస్ లెవిన్, ఫ్రాంక్ స్టీవర్ట్ 1977లోనే దీన్ని గణితంతో రాశారు.

మూడోదాన్ని పాఠ్యపుస్తకాలు ముట్టుకోవు, నాకది బాధ. మోత ఎప్పటికీ మోతగానే ఉండదు. 1988లో జూడిత్ బౌమా, రిచర్డ్ లెన్‌స్కీ ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. ప్లాస్మిడ్ ఉన్న ఈ.కోలిని యాంటీబయాటిక్ కలిపిన ద్రవంలో 500 తరాలు పెంచారు. మొదట్లో ఆ ప్లాస్మిడ్ భారమే. చివరికి వచ్చేసరికి బ్యాక్టీరియా ఎంతగా మారిందంటే, మందు లేనిచోట కూడా ప్లాస్మిడ్ ఉన్నదే లేనిదానికంటే బాగా పెరిగింది! పైన వేసిన లెక్కలో 20, 21 నిమిషాలు ఎప్పటికీ మారవనుకున్నాం. అక్కడ అవే తారుమారయ్యాయి.

ఇప్పుడు మన దగ్గరి మాట. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల వైపు వస్తుంటే కోళ్ల ఫారాలు చూశారు కదా. మన దేశంలో కోళ్ల పెంపకంలో కొలిస్టిన్ అనే మందు వాడేవారు. వేరే మందులు పనిచేయనప్పుడు ఆసుపత్రిలో మనిషికి చివరగా ఇచ్చే మందుల్లో అదొకటి. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనా నుంచి కబురొచ్చింది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకు, చేపలకు, ఇతర ఆహార పశువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది. అది చాలా మంచి పని. చైనాలో 2017లో దాణాలో కొలిస్టిన్ కలపడం ఆపాక కోళ్లలో, పందుల్లో ఎంసీఆర్-1 బాగా తగ్గింది కూడా. అంటే మీ లెక్క తప్పు కాదు. అయితే పూర్తిగా మాయం కాలేదు. ఒకే ప్లాస్మిడ్ మీద వేరే మందుల్ని తట్టుకునే జన్యువులు కూడా ఉంటే, ఆ మందు వాడినప్పుడల్లా ఇదీ దాంతోపాటే నిలుస్తుంది. అందుకే ఒక్క మందును ఆపి వదిలేయకుండా, జ్వరం రాగానే యాంటీబయాటిక్ వేసుకోవడం, జలుబుకు సగం కోర్సు మింగడం, ఫారంలో జబ్బు లేని కోళ్లకూ మందు కలపడం అన్నీ కలిపి తగ్గించాలి.

వచ్చే సెలవుల్లో కాగితం తెచ్చుకోండి. పంచుకునే వేగాన్ని కూడా లెక్కలో చేర్చి మళ్లీ వేద్దాం.

మీ అమ్మమ్మ