ఎయిర్ ఫ్రైయర్‌లో యాపిల్ క్రంబుల్

పిల్లలూ,

బ్రిటన్ ఇళ్లలో చేసుకునే యాపిల్ క్రంబుల్ గురించి ఈ ఉత్తరం. కింద మెత్తగా మగ్గిన యాపిల్ ముక్కలు, పైన కరకరలాడే పిండిపొర. ఓవెన్ లేకపోయినా ఎయిర్ ఫ్రైయర్‌లో చక్కగా వస్తుంది. కాకపోతే ఆ పెట్టె స్వభావం ముందు తెలుసుకోవాలి.

చాలా ఎయిర్ ఫ్రైయర్లలో వేడితీగ పైన ఉంటుంది, దాని మీద ఫ్యాను. అంటే సెగ పైనుంచి గాలితో కలిసి వచ్చి పడుతుంది. అందుకే అన్నీ ఒకేసారి పెడితే పైపొర మాడిపోతుంది, కింద ముక్క పచ్చిగా ఉంటుంది. దీనికి మందు ఒకటే: పండును ముందు మగ్గించి, పిండి తర్వాత చల్లడం.

15 సెంటీమీటర్ల వెడల్పున్న కేకు టిన్ను తీసుకోండి. బుట్టలో పెట్టాక చుట్టూ వేలు పట్టేంత ఖాళీ ఉండాలి, లేకపోతే గాలి తిరగదు. లోహపు టిన్నే మేలు. పింగాణీ గిన్నె వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది.

యాపిల్స్ 400 గ్రాములు, అంటే మధ్యరకంవి మూడు. పచ్చరంగు గ్రానీ స్మిత్ దొరికితే అదే కొనండి. 1868లో సిడ్నీ దగ్గర ఒక పెద్దావిడ తోటలో మొలిచిన రకం, ఆవిడ పేరే దానికి పెట్టారు. పులుపు ఎక్కువ, ఉడికినా ముక్క నిలబడుతుంది. మన బజార్లో దొరికే ఎర్ర డెలీషియస్ తియ్యగా ఉంటుంది, తొందరగా మెత్తబడుతుంది. అది వాడితే చక్కెర సగానికి తగ్గించి, నిమ్మరసం రెట్టింపు చేయండి.

చెక్కు, గింజలు తీసి సెంటీమీటరు ముక్కలుగా తరగండి. కత్తి పట్టేటప్పుడు, వేడి టిన్ను తీసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ముక్కల్లో రెండు టేబుల్‌స్పూన్ల చక్కెర, టీస్పూను నిమ్మరసం, టీస్పూను కార్న్‌ఫ్లోర్, పావు టీస్పూను దాల్చినచెక్క పొడి కలిపి టిన్నులో వేయండి. పైన రెండు సెంటీమీటర్లు వెలితి ఉంచాలి, రసం పొంగుతుంది. అల్యూమినియం ఫాయిల్‌తో మూసి, అంచులు టిన్ను కిందికి గట్టిగా మడవండి. వదులుగా ఉంటే ఫ్యాను దాన్ని లేపి వేడితీగకు తగిలిస్తుంది. 170 డిగ్రీల మీద 12 నిమిషాలు.

ఈలోగా పైపొర. మైదా 60 గ్రాములు, చల్లని వెన్న 40, చక్కెర 30, ఓట్స్ రెండు టేబుల్‌స్పూన్లు, చిటికెడు ఉప్పు. వెన్నను ముక్కలు చేసి వేలికొసలతో పిండిలో నలపండి. అరచేయి వేడి, వెన్న కరిగిపోతుంది. శనగగింజంత ఉండలు కనపడగానే ఆపేయండి. ఇంకా కలిపితే ముద్దవుతుంది, కాలాక గట్టి బిస్కెట్టులా తయారవుతుంది. ఎండాకాలం మన వంటిళ్లలో వెన్న నిలవదు, అందుకే ఈ పిండిని ముందే కలిపి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

పట్టకారుతో టిన్ను తీసి, ఆవిరి ముఖానికి కొట్టకుండా అవతలి వైపు నుంచి ఫాయిల్ విప్పండి. ముక్కకు చాకు కొన సులువుగా దిగాలి, దిగకపోతే మళ్లీ మూసి మరో మూడు నిమిషాలు. ఒకసారి కలిపి, పిండి చల్లి, చేత్తో తేలిగ్గా అదమండి. పొడిగా వదిలేస్తే గాలికి లేచి పెట్టెంతా చిమ్ముతుంది. గట్టిగా నొక్కినా తప్పే, ఆవిరి పోయే దారి లేక అడుగు పచ్చిపిండిగా మిగులుతుంది.

ఫాయిల్ లేకుండా 170 మీదే 10 నుంచి 12 నిమిషాలు. యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది, ఎనిమిదో నిమిషంలో ఒకసారి తెరిచి చూడండి. పైన రంగు వచ్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. అంచుల్లో రసం బుడబుడలాడాలి. ఆ వేడి తగలకపోతే కార్న్‌ఫ్లోర్ చిక్కబడదు, నోటికి పచ్చిపిండి రుచి తగులుతుంది. రంగు ముందే వచ్చేస్తే 150కి తగ్గించి కొనసాగించండి.

తీశాక పది నిమిషాలు ఆగండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు: లోపలి చక్కెర రసం నాలుకను కాల్చేస్తుంది, పైగా చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. పక్కన వెనీలా ఐస్‌క్రీం ఉంటే సరే సరి. నలుగురికి సరిపోతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు 150 మీద ఐదారు నిమిషాలు వేడిచేసుకోండి. మైక్రోవేవ్ వద్దు, పైపొర మెత్తబడిపోతుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ