గేటు దగ్గర ఆపేస్తే: ఒంటరి కార్మికుడికి లేబర్ కోర్టు దారి ఎలా ఏర్పడింది

పైడిభీమవరం మందుల కంపెనీల్లో, విజయనగరం జిల్లా జూట్ మిల్లుల్లో పని పోవడమంటే చాలాసార్లు చేతికి కాగితమేమీ రాదు. ‘రేపట్నుంచి రావద్దు’ అన్న మాటే వస్తుంది. ఆ కార్మికుడు ముందు లేబర్ ఆఫీసుకు, అక్కడ రాజీ కుదరకపోతే విశాఖపట్నంలోని పారిశ్రామిక ట్రిబ్యునల్–లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. ఒక్క మనిషి తన పేరుతో అలా వెళ్లే హక్కు మొదట్లో లేదు.

పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఒక్కరిని తీసేస్తే యూనియనో తోటి కార్మికులో ఆ కేసును భుజాన వేసుకోవాలి. ఆపైన 10వ సెక్షన్ కింద ప్రభుత్వం రిఫర్ చేస్తేనే, అంటే ఆ వివాదాన్ని విచారణకు పంపితేనే, కోర్టు చేపట్టేది. 1965లో 2-ఏ సెక్షన్ చేర్చి, ఒక్కరి తొలగింపునూ పారిశ్రామిక వివాదంగానే లెక్కించారు గానీ రిఫరెన్సు తప్పలేదు. ఫైలు ప్రభుత్వం దగ్గరే ఆగిపోతే చేసేదేమీ ఉండేది కాదు. ఆ అడ్డు తీసింది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ: కార్మికుడే నేరుగా లేబర్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. దేశమంతటికీ ఆ వీలు వచ్చింది 2010లో. మన రాష్ట్రం ఇరవై మూడేళ్లు ముందుంది, ఇది గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి. 1971లో వచ్చిన 11-ఏ సెక్షనూ చిన్నదేం కాదు. తప్పు రుజువైనా శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం కోర్టుకు దానితోనే వచ్చింది.

కోర్టులో పిటిషన్ వేయడానికి 2010 సవరణ, పని పోయిన రోజు నుంచి మూడేళ్ల గడువు పెట్టింది. పాత చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి 45 రోజులు గడిచాక కోర్టుకు వెళ్లొచ్చు. ‘మూడేళ్లుంది కదా’ అని ఇప్పటికీ ధీమాగా ఉండేవాళ్లు జాగ్రత్తపడాలి.

గడువులో వేసిన కేసులూ ఎక్కువగా దెబ్బతినేది 240 రోజుల దగ్గర. పని పోయిన రోజుకు ముందు పన్నెండు నెలల్లో అన్ని రోజులు పనిచేసినట్టు చూపాల్సింది కార్మికుడే. జీతమిచ్చే ఆదివారాలు, సెలవులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. చాలామంది వాటిని వదిలేస్తారు. 240 నిండితే, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇచ్చి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చెల్లించకుండా రిట్రెంచ్ చేయకూడదు, అంటే శిక్షగా కాకుండా మనుషుల్ని తగ్గించే పేరుతో తీసేయకూడదు. ఎనిమిదేళ్ల సర్వీసుకు అది 120 రోజుల వేతనం.

కాంట్రాక్టు కార్మికుడికి చిక్కు ఇంకా ఎక్కువ. మిషను అదే, షిఫ్టు అదే, కాంట్రాక్టరు పేరు మాత్రం మారుతూ ఉంటుంది. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఒక్కో కాంట్రాక్టరు కింద ఒక్కో మెంబర్ ఐడీ కనబడుతుంది. చివరిదొక్కటే కాకుండా అన్నిటి ప్రింట్లూ తీయాలి. వాటికి ఈఎస్ఐ చందా వివరాలు, గేట్ పాస్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయాలి. కాంట్రాక్టరుతో పాటు అసలు కంపెనీనీ ప్రతివాదిగా చేర్చాలి. హాజరు రిజిస్టర్లు తెప్పించమని విడిగా దరఖాస్తు వేయాలి. కంపెనీ వాటిని దాస్తే, ఆ దాచడాన్నే కోర్టు దానికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. ‘సెటిల్‌మెంట్’ పేరుతో ఇచ్చే తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టకూడదు. రేపు కోర్టులో అదే రాజీనామాగా బయటికొస్తుంది.

గెలిచాక యాజమాన్యం హైకోర్టుకు వెళ్తే? పాత చట్టంలో 1984 నుంచి అమలైన 17-బీ సెక్షన్ దానికి జవాబు, కొత్త కోడ్‌లోనూ ఆ నియమం ఉంది: తిరిగి పనిలోకి తీసుకోమన్న తీర్పుపై అక్కడ కేసు నడిచినంత కాలం చివరి జీతం పూర్తిగా ఇవ్వాలి. అయితే తాను వేరెక్కడా ఉద్యోగం చేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ దాఖలు చేయాలి.