వింత సైన్స్ టాపిక్ ఎంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: టాపిక్ ఎంత వింతగా ఉంటే ప్రసంగం అంత బాగా పండుతుంది.

వింత మొదటి నిమిషానికే సరిపోతుంది. వాంబాట్ అనే జంతువు పాచికల్లా పలకలు తేలిన పెంటికలు వేస్తుందనగానే అందరూ నవ్వుతారు. ఎనిమిది నిమిషాల ప్రసంగంలో తక్కిన ఏడు నిమిషాలూ నడిపించేది మాత్రం ‘ఎలా?’ అన్న ప్రశ్నే. ఈ టాపిక్‌లో ఆ ప్రశ్నకు జవాబుంది. వాంబాట్ పేగు చివరి భాగంలో గోడ కొన్నిచోట్ల బిగుతుగా, కొన్నిచోట్ల సాగేలా ఉంటుంది. నీరింకి గట్టిపడుతున్న మలాన్ని ఆ గోడ అన్ని వైపులా ఒకేలా నొక్కదు. అలా నొక్కగా నొక్కగా మూలలు తేలతాయి. మలద్వారమే చతురస్రంగా ఉంటుందనేది ఉత్తమాట. ఈ పరిశోధనకు 2019లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) వచ్చింది.

అదే ‘ఆక్టోపస్‌కు మూడు గుండెలు’ అంటే ఒక్క వాక్యంలో అయిపోయింది. రెండు గుండెలు మొప్పలకు, ఒకటి మిగతా ఒంటికి ఎందుకు కావలసి వచ్చిందని అడిగితే అప్పుడది టాపిక్. కాబట్టి అనుకున్న విషయాన్ని ముందు ‘ఎందుకు’తోనో ‘ఎలా’తోనో ప్రశ్నగా రాసి చూడండి. జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతే అది క్విజ్‌కు పనికొస్తుంది, ప్రసంగానికి చాలదు.

అపోహ: సరదా టాపిక్ అంటే మార్కులు పోతాయి.

భౌతికశాస్త్రవేత్త ఆంద్రే గైమ్ బలమైన అయస్కాంత క్షేత్రంలో బతికున్న కప్పను గాల్లో తేల్చి 2000లో ఇగ్ నోబెల్ పంచుకున్నాడు. 2010లో గ్రాఫీన్‌పై (ఒక్క అణువు మందమున్న కార్బన్ పొర) చేసిన కృషికి అసలు నోబెలే పంచుకున్నాడు. మార్కులు పోయేది కప్ప వల్ల కాదు, నీటి డయామాగ్నెటిజం (అయస్కాంత క్షేత్రం నీటిని కొద్దిగా దూరం నెట్టే గుణం) గురించి ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం వల్ల.

అపోహ: పెద్ద టాపిక్ తీసుకుంటే చెప్పడానికి బోలెడు సరుకు దొరుకుతుంది.

దొరుకుతుంది, చిక్కల్లా అక్కడే. ‘జీవుల్లో తెలివి’ అని మొదలుపెడితే పరిచయం ముగిసేసరికి గంట కొడతారు. దాన్ని ‘మెదడు లేని ఫైసేరమ్ అనే బంకబూజు చిక్కుదారిలో దగ్గరి దారి ఎలా పట్టింది?’ అనే దాకా కుదించండి. 2000లో వచ్చిన ఆ ప్రయోగంలో చిక్కుదారి రెండు కొసల్లో ఓట్స్ పెట్టారు. దారంతా పరుచుకున్న ఆ జీవి, ముందుకు పోవడానికి వీల్లేని సందుల్లోంచి వెనక్కి తగ్గింది. చివరికి రెండు కొసలనూ కలిపే పొట్టి గొట్టంగా మిగిలింది. లోపలి ద్రవం ఎక్కువగా పారే గొట్టం లావెక్కుతుంది, తక్కువగా పారేది సన్నబడుతుంది. ఒక ప్రశ్న, ఒక ప్రయోగం, ఒక కారణం: ఎనిమిది నిమిషాలకు ఇంతే పడుతుంది. వింతకూ ప్రశ్నకూ ఒక నిమిషం, నేపథ్యానికి రెండు, ప్రయోగానికీ కారణానికీ నాలుగు, ఇంకా తేలని విషయాలకు ఒకటి కేటాయించండి. స్లైడ్లు ఎనిమిది దాటనివ్వకండి.

అపోహ: వార్తలో చదివింది చాలు, అసలు పరిశోధన పేపర్ చూడనక్కర్లేదు.

ఎక్కువ మంది దొరికిపోయేది ఇక్కడే. ‘క్షీరదాలన్నీ 21 సెకన్లలో మూత్రం పోస్తాయి’ అన్న శీర్షిక చాలా చోట్ల కనిపిస్తుంది. 2014 నాటి ఆ పేపర్ చెప్పింది 3 కిలోలకు మించిన జంతువుల గురించి. అంకె కూడా 21కి అటూ ఇటూ 13 సెకన్లు, అంటే 8 నుంచి 34 దాకా. ఎలుకల్లాంటి చిన్న జంతువులకు ఆ లెక్క వర్తించదు. ‘మరి మా పిల్లికూన?’ అని ఎవరైనా అడిగితే శీర్షిక ఆదుకోదు. పేపర్‌లో ముందు సారాంశం, తర్వాత బొమ్మలు, ఆపైన పద్ధతి చదవండి. ఏ జంతువుల మీద చేశారు, ఎన్నిటి మీద, అంకెలో తేడా ఎంత అన్నవి మూడూ కార్డు మీద రాసుకోండి.

అపోహ: స్టేజీ మీద ప్రయోగం చేసి చూపిస్తేనే రక్తి కడుతుంది.

ప్రయోగాన్ని బట్టి ఉంటుంది. వేడినీళ్లు చన్నీళ్లకంటే ముందు గడ్డకడతాయనే ఎంపెంబా ప్రభావాన్ని స్టేజీ మీద చూపించబోకండి. గడ్డకట్టేలోపు మీ టైమ్ అయిపోతుంది. పైగా 2016లో కొలిచి చూసినవాళ్లకు గట్టి ఆధారం దొరకలేదు, థర్మామీటర్‌ను ఒక సెంటీమీటర్ జరిపినా ఫలితం మారిపోయింది. ‘నిజంగా జరుగుతుందా?’ అన్న ప్రశ్నగా మలిస్తే మాత్రం చక్కటి టాపిక్.

స్పఘెటీ (సన్నటి పొడవాటి పుల్లల్లా ఉండే పాస్తా) అలా కాదు. ఎండు పుల్లను రెండు కొసలా పట్టుకుని మెల్లగా వంచితే సాధారణంగా మూడు ముక్కలో అంతకు మించో అవుతుంది. మొదటి విరుపుతో పుట్టిన కంపన తరంగం పుల్ల వెంట పరుగెత్తి, మరోచోట వంపును ఇంకా పెంచుతుంది. దీన్ని 2005లో ఆడొలీ, నాయ్‌కిర్ష్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. అప్పుడప్పుడు రెండు ముక్కలే అవుతాయి కాబట్టి పది పుల్లలు దగ్గరుంచుకోండి. వెనకాల నల్లగుడ్డ కట్టండి, లేకపోతే వెనక బెంచీలకు ఏమీ కనిపించదు. ముక్కలు ఎగురుతాయి, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఫోన్ స్లోమోషన్ మీద ఆశ పెట్టుకోవద్దు. సెకనుకు 240 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్ల ఎడం, ఆలోపే విరుపులన్నీ తరచూ అయిపోతాయి. మెలితిప్పి వంచితే రెండే ముక్కలవుతుందని 2018లో తేల్చారు గానీ, అందుకు దాదాపు 270 డిగ్రీల మెలిక కావాలి. వాళ్లు దానికోసం యంత్రమే కట్టారు. చేత్తో అంత కచ్చితంగా చేయడం కష్టం, వీడియో చూపించండి.

అపోహ: ప్రశ్నల సంగతి చివర్లో చూసుకోవచ్చు.

వింత టాపిక్‌కే ప్రశ్నలెక్కువ. ‘దీనివల్ల ఉపయోగమేమిటి?’ అన్నది ఎలాగూ వస్తుంది. లేని ఉపయోగం అల్లొద్దు. ప్రసంగానికి వారం ముందే ఇద్దరు స్నేహితులకు విషయం చెప్పి ఐదు ప్రశ్నలు అడిగించుకోండి. వాటిలో మూడింటికి పేపర్‌లోంచి జవాబు చెప్పలేకపోతే టాపిక్ మార్చడానికి ఇంకా టైముంది.