బ్లాక్‌జాక్ మాటలు: కుర్రాళ్లు పట్టుకొచ్చే అపోహలు, టేబుల్ మీది వాస్తవాలు

గోవా కేసినోల్లో, విహార నౌకల మీద డీలర్‌గా, అంటే కేసినో తరఫున ముక్కలు పంచేవాడిగా, పనిచేసి వచ్చి, ఇప్పుడు విజయనగరంలో అవే ఉద్యోగాలకు కుర్రాళ్లను తయారు చేస్తున్నాను. చీపురుపల్లి, బొబ్బిలి వైపు నుంచి, అటు పలాస, టెక్కలి నుంచి కూడా వస్తుంటారు. ముక్కలు పట్టడం రానివాళ్లు వీళ్లలో తక్కువ. సంక్రాంతికి అరుగుల మీద పదమూడు ముక్కలాట చూస్తూ పెరిగినవాళ్లే. హిట్ (ఇంకో ముక్క అడగడం), స్టాండ్ (ఇక చాలని ఆగడం), స్ప్లిట్ లాంటి మాటలు కూడా ఫోన్లో వీడియోలు చూసి ముందే నేర్చేసుకుంటారు. చిక్కంతా అక్కడే. మాట వచ్చు, దాని వెనకున్న రూలు రాదు. బ్లాక్‌జాక్ అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన ఆట. ఇందులో ప్రతి మాట వెనకా ఎవరి డబ్బో ఇటు నుంచి అటు కదులుతుంది. డీలర్ కావాలనుకునేవాడు నేర్చుకోవాల్సింది ఆ కదలికను.

అపోహ: 21 వస్తే బ్లాక్‌జాక్ వచ్చినట్టే.

కాదు. మొదట పంచిన రెండు ముక్కల్లోనే ఆసూ, పది విలువున్న ముక్కా పడితేనే బ్లాక్‌జాక్. నేచురల్ అని కూడా అంటారు. పది విలువంటే పదో నంబరు, జాకీ, రాణి, రాజు. పేరును బట్టి నల్ల జాకీయే పడాలని కొందరు వాదిస్తారు. ఆఠీను రాజైనా, డైమను పదైనా ఒకటే. మూడు ఏడులు కలిసి 21 చేసినవాడు కూడా, డీలర్ దగ్గర ఆసూ రాణీ ఉంటే ఓడిపోయినట్టే. రెండు ఆసుల్లాంటి జోడీ వస్తే విడగొట్టి రెండు చేతులుగా, అంటే రెండు వేర్వేరు ఆటలుగా, ఆడడం స్ప్లిట్. అలా విడగొట్టాక ఒక ఆసు పక్కన రాజు పడితే అది మామూలు 21, దానికి ఎక్కువ డబ్బు ఇవ్వరు.

ఆ ఎక్కువ డబ్బు ఎంత అన్నది టేబుల్ మీద పరిచిన గుడ్డ మీదే రాసి ఉంటుంది. కొన్నిచోట్ల 3:2, కొన్నిచోట్ల 6:5. "ఆరూ అయిదూ పెద్ద అంకెలు కదా మాస్టారూ, అదే మంచిది కాదేటి?" అని అడిగాడొక కుర్రాడు. లెక్క వాడి చేతే వేయించాను. 500 పందెం మీద 3:2 అయితే 750 వస్తుంది, 6:5 అయితే 600. బ్లాక్‌జాక్ సగటున ఇరవై ఒక్క చేతులకు ఒకసారి పడుతుంది కాబట్టి, ఈ ఒక్క మార్పుతోనే కేసినో వాటా దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. రూల్స్ బాగున్న టేబుల్ మీద, ఆట తెలిసినవాడి దగ్గర కేసినోకి మిగిలేదే అర శాతం అటూఇటూ. అందుకే పాత ఆటగాళ్లు కుర్చీ లాక్కునే ముందు ఆ గుడ్డ మీది అక్షరాలు చదువుతారు.

అపోహ: రమ్మీ వచ్చినవాడికి ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు.

రమ్మీలో ఆసు పాయింట్లు పదే. ఇక్కడ ఆసు ఒకటి కావచ్చు, పదకొండు కావచ్చు. సాఫ్ట్, హార్డ్ అనే మాటలు పుట్టింది దీనివల్లే. ఆసూ ఆరూ ఉంటే అది సాఫ్ట్ 17. ఇంకో ముక్క అడిగితే తొమ్మిది పడిందనుకోండి, ఆసు ఒకటిగా మారి మొత్తం 16 అవుతుంది. ఆట పోదు, కానీ ఇక అది హార్డ్ 16. ఇప్పుడు మళ్లీ హిట్ అంటే ఆరు నుంచి రాజు దాకా ఏది పడినా 21 దాటి బస్టే. పదమూడు రకాల ముక్కల్లో ఎనిమిది రకాలు ముంచేవే అన్నమాట. సాఫ్ట్ 17 మీద భయపడి ఆగిపోయేవాడికి, హార్డ్ 16 మీద ధీమాగా కొట్టేవాడికి ఈ రెండు మాటల తేడా తెలియదని మాకు చూడగానే అర్థమైపోతుంది.

అపోహ: డీలర్ మహా తెలివిగా ఆడి గెలుస్తాడు.

డీలర్‌కి తెలివి వాడే అవకాశమే లేదు. 16 దాకా ముక్క తీసుకుని తీరాలి, 17 చేరితే ఆగి తీరాలి. సాఫ్ట్ 17 మీద ఆగాలా, తీసుకోవాలా అన్నది కూడా డీలర్ ఇష్టం కాదు, అదీ గుడ్డ మీద రాసే ఉంటుంది. తీసుకోవాలని ఉంటే ఆటగాడికి ఇంకో 0.2 శాతం నష్టం. డీలర్ కూడా సుమారు నూటికి ఇరవై ఎనిమిది సార్లు బస్ట్ అవుతాడు. మరి కేసినోకి డబ్బెలా మిగులుతుంది? ఆటగాడు ముందు ఆడతాడు. ముందు బస్ట్ అయితే పందెం అప్పుడే తీసేస్తారు. తర్వాత డీలర్ బస్టయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మొత్తం కిటుకు ఈ వరసలోనే ఉంది.

అపోహ: నోటితో హిట్ అంటే చాలు.

దీని మీద మా క్లాసులో చాలా గంటలు గడుస్తాయి. పై నుంచి చూసే కెమెరాకు కావాల్సింది చెయ్యి. ఆటగాడు "నేను అడగలేదు" అని గొడవకు దిగితే రికార్డింగ్‌లో వెతికేది చేతి సైగనే. ముక్క కావాలంటే వేలితో టేబుల్ మీద తట్టాలి. వద్దంటే అరచెయ్యి కిందికి పెట్టి ముక్కల మీదుగా అటూఇటూ ఊపాలి. డబుల్ డౌన్ అంటే పందేన్ని రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం. అప్పుడు కొత్త చిప్స్‌ను పాత దొంతర పక్కన పెట్టి ఒక వేలు చూపిస్తారు. దొంతర మీద పెడితే పందెం తర్వాత పెంచారన్న అనుమానం వస్తుంది. స్ప్లిట్‌కి కూడా చిప్స్ పక్కనే, వేళ్లు మాత్రం రెండు. షూ నుంచి, అంటే ఆరో ఎనిమిదో పేకలు కలిపి పెట్టే పెట్టె నుంచి, పంచే ఆటలో ముక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి ఆటగాడు వాటిని ముట్టుకోకూడదు. మనవాళ్లకు ఇది మహా కష్టం. ముక్క పడగానే చేతిలోకి తీసుకుని విసనకర్రలా విప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు కదా!

అపోహ: ఇన్సూరెన్స్ తీసుకుంటే పందేనికి రక్ష.

డీలర్ తెరిచిన ముక్క ఆసు అయితే ఇన్సూరెన్స్ కావాలా అని ఆటగాళ్లను అడుగుతారు. పందెంలో సగం దాకా పెట్టవచ్చు. మూసి ఉన్న ముక్క, అంటే హోల్ కార్డు, పది విలువదైతే 2:1 ఇస్తారు. నిజానికి మీ చేతిలోని ముక్కలకూ దీనికీ సంబంధం లేదు, ఇది వేరే పందెం. ఆరు పేకల్లో ఆ ఆసు పోగా మిగిలినవి 311 ముక్కలు, వాటిలో పది విలువున్నవి 96. గిట్టుబాటు కావాలంటే మూడింట ఒకటి ఉండాలి, ఇక్కడ అంత లేదు. నూటికి ఏడు రూపాయల పైనే చేజారుతుంది. మీకే బ్లాక్‌జాక్ ఉన్నప్పుడు "ఈవెన్ మనీ తీసుకుంటారా?" అని, అంటే పందేనికి సమానమైన డబ్బు అప్పుడే తీసుకుంటారా అని, అడిగితే అదీ ఇదే బేరం, పేరు మాత్రమే వేరు.

అపోహ: సరెండర్ పిరికివాళ్ల పని.

సగం పందెం వదులుకుని చెయ్యి దించేయడం సరెండర్. హార్డ్ 16 మీద డీలర్ పది చూపిస్తుంటే, ఎలా ఆడినా నూరు రూపాయలకు సగటున 54 దాకా పోతాయి. సరెండర్ చేస్తే యాభైతో సరి. అన్ని టేబుళ్ల మీదా ఈ సదుపాయం ఉండదు, ముందే అడగాలి.

అపోహ: చివరి కుర్చీవాడు తప్పుగా ఆడితే అందరూ మునిగిపోతారు.

డీలర్‌కి కుడి చేతి వైపు, అందరికంటే చివర ఆడే సీటును థర్డ్ బేస్ అంటారు. అక్కడివాడు ఒక ముక్క లాగితే డీలర్‌కి మంచిది పడొచ్చు, చెడ్డదీ పడొచ్చు. రెండూ సమానమే. నష్టపోయిన రోజు గుర్తుంటుంది, లాభపడిన రోజు ఎవరూ అతనికి థాంక్స్ చెప్పరు.

అపోహ: కౌంటింగ్ అంటే ముక్కలన్నీ బట్టీ పట్టడం, పైగా నేరం.

బట్టీ ఏమీ లేదు. పడిన ముక్కలను బట్టి, ఇంకా మిగిలినవాటిలో పదులూ ఆసులూ ఎక్కువున్నాయా అని అంచనా కట్టడమే కౌంటింగ్. హై-లో పద్ధతిలో రెండు నుంచి ఆరు దాకా ప్లస్ ఒకటి, పదులూ ఆసులూ మైనస్ ఒకటి, మిగిలినవి సున్నా. వచ్చిన మొత్తం రన్నింగ్ కౌంట్. దాన్ని మిగిలిన పేకలతో భాగిస్తే ట్రూ కౌంట్. ప్లస్ ఆరు ఉండి మూడు పేకలు మిగిలితే రెండు. లెక్క తేలికే, గోలలో తప్పకుండా వేయడమే కష్టం. దీనికంటే ముందు రావాల్సింది బేసిక్ స్ట్రాటజీ, అంటే ఏ చేతికి ఏం చేయాలన్న పట్టిక. 1956లో, అమెరికా సైన్యంలో పనిచేసిన బాల్డ్విన్, మరో ముగ్గురు మామూలు కాలిక్యులేటర్లతో దాన్ని లెక్కగట్టి ప్రచురించారు. తర్వాత ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత అధ్యాపకుడు ఐబీఎం కంప్యూటర్‌తో కౌంటింగ్ దాకా తీసుకెళ్లి 1962లో పుస్తకం రాశాడు. లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో తలలో లెక్క వేసుకోవడం నేరం కాదు, పరికరం వాడితే నేరం. అయితే కేసినోవాళ్లు అలాంటివాణ్ని బయటికి పొమ్మనగలరు.

అపోహ: ఇవన్నీ వస్తే ఇక్కడే నాలుగు డబ్బులు చేసుకోవచ్చు.

తల్లిదండ్రులు మొదట అడిగేదీ దీని గురించే: "జూదం నేర్పుతున్నారా బాబూ?" ఆంధ్రప్రదేశ్‌లో పేకాట శిబిరం నడపడం, అందులో డబ్బు పెట్టి ఆడడం 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరం. 2020లో ఆన్‌లైన్ ఆటలను కూడా అందులో చేర్చారు. 2025లో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మా దగ్గర ఉండేవి ప్లాస్టిక్ చిప్స్ మాత్రమే. సరదాకైనా డబ్బు తీసినవాణ్ని ఇంటికి పంపేస్తాను.

ఉద్యోగానికి వెళ్తే "పుష్ అంటే ఏమిటి?" అని నోటితో అడిగేవాళ్లు తక్కువ. టేబుల్ దగ్గర నిలబెట్టి పంచమంటారు. ఆటగాడికీ డీలర్‌కీ 18 వచ్చి సమమైనప్పుడు, అంటే పుష్ అయినప్పుడు, మీరు పందెం దగ్గర వేళ్లతో తట్టి, చిప్స్‌ను అలాగే వదిలేస్తున్నారా, లేక అలవాటుగా లాగేస్తున్నారా అన్నది చూస్తారు. ఆ వెంటనే 175 మీద బ్లాక్‌జాక్ పెట్టి 3:2 ఎంతో అడుగుతారు. 262.50 అని తడుముకోకుండా రావాలి.