సమీకరణాల్లో లేని సౌష్ఠవాలు

ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివి క్వార్కులనే మరింత చిన్న కణాలతో తయారవుతాయి. క్వార్కుల్లో బాటమ్ అనే రకం, చార్మ్ అనే రకంగా మారే తీవ్రతను తెలిపే సంఖ్య ఒకటుంది. క్షయంలో, అంటే ఒక కణం వేరే కణాలుగా మారినప్పుడు, పుట్టే వాటన్నిటినీ కలిపి లెక్కిస్తే అది 0.042 దగ్గర, ఒక్కో రకం క్షయాన్ని విడిగా చూస్తే 0.040 దగ్గర తేలుతోంది. ఏళ్లుగా ఈ రెండూ కలవడం లేదు. రెండు లెక్కల వెనుకా ఉన్నది ఒకే సౌష్ఠవం, అంటే ఒకదాని స్థానంలో మరొకటి పెట్టినా ఫలితం మారకపోవడం. విచిత్రం ఏమిటంటే, క్వార్కుల సిద్ధాంత సమీకరణాల్లో అది రాసి ఉండదు.

ఇలాంటి వాటిలో మొదటిది 1932 నాటిది. న్యూట్రాన్ బయటపడిన కొద్ది నెలలకే హైజెన్‌బర్గ్, ప్రోటాన్‌నూ న్యూట్రాన్‌నూ ఒకే కణపు రెండు స్థితులుగా ఊహించాడు. నేటి కొలతల్లో వాటి ద్రవ్యరాశులు 938.3, 939.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువుకు వాడే కొలమానం), అంటే దాదాపు సమానం. తర్వాత ఐసోస్పిన్ అని పేరుపడ్డ ఈ సౌష్ఠవాన్ని ప్రకృతి మూలసూత్రంగానే చాలాకాలం భావించారు. 1961లో గెల్‌మాన్, నేమాన్ దాన్ని మరింత విస్తరించారు. వారి పట్టికలో ఖాళీగా ఉన్న ఒమేగా కణం 1964లో బ్రూక్‌హేవెన్‌లో దొరికింది.

1973లో బలమైన కేంద్రక బలానికి సరైన సిద్ధాంతం కుదిరాక అసలు సంగతి తెలిసింది. అప్ క్వార్క్ ద్రవ్యరాశి సుమారు 2, డౌన్ క్వార్క్‌ది సుమారు 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. రెట్టింపు పైనే తేడా! అయినా ఆ బలం పనిచేసే స్థాయి 300 దాకా ఉండటంతో ఆ తేడా కనబడదు. బస్తా బియ్యంలో రెండు గుప్పెళ్లు కలిసినా, ఐదు కలిసినా ఒకటే కదా. నా దృష్టిలో ఐసోస్పిన్ సూత్రం కాదు, క్వార్కులు తేలికగా ఉండటం వల్ల మనకు కలిసివచ్చిన సౌకర్యం.

భారీ క్వార్కుల దగ్గర ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. వోలోషిన్, షిఫ్‌మాన్ వేసిన బాటలో 1989లో ఇస్గూర్, వైజ్ గమనించింది ఇది: మీసాన్‌లో (క్వార్కు, ప్రతిక్వార్కు కలిసిన కణంలో) ఒక క్వార్క్ చాలా బరువైనదైతే అది దాదాపు కదలకుండా ఉంటుంది. చుట్టూ తిరిగే తేలిక క్వార్కుకు దాని రంగు ఆవేశం (బలమైన కేంద్రక బలానికి మూలమైన ఆవేశం) తప్ప బరువుతో, స్పిన్‌తో (కణానికి సహజంగా ఉండే భ్రమణ గుణంతో) పని లేదు. బాటమ్ స్థానంలో చార్మ్ వచ్చినా చుట్టూ ఉన్న మేఘం మారదు. సాక్ష్యం మీసాన్ల ద్రవ్యరాశుల్లోనే ఉంది. స్పిన్ దిశ మారితే చార్మ్ ఉన్న డి మీసాన్లలో వచ్చే తేడా సుమారు 141, బాటమ్ ఉన్న బి మీసాన్లలో 45 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. బాటమ్ క్వార్క్ చార్మ్ కంటే మూడు రెట్లు బరువు. తేడా కూడా దాదాపు మూడో వంతుకు తగ్గింది.

బి మీసాన్ డి మీసాన్‌గా మారే క్షయాల్లో, కొత్త కణం కదలకుండా నిలిచిపోయే అంచున, ఆ మేఘం ప్రభావాన్ని తెలిపే, మామూలుగా తెలియని రాశి విలువ 1 అని ఈ సౌష్ఠవమే చెబుతుంది. కానీ చార్మ్ బరువు 1300 దగ్గర మాత్రమే, అనంతం కాదు. కాబట్టి ఆ 1కి కొంత సవరణ కావాలి. బలం స్థాయి 300ను 1300తో భాగించి వర్గం చేస్తే అది సుమారు 5 శాతం వస్తుంది. వివాదంలో ఉన్న తేడా కూడా ఇంచుమించు అంతే. ఆ సవరణను ఇప్పుడు సూపర్ కంప్యూటర్ల మీద, స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టే లాటిస్ పద్ధతిలో నేరుగా లెక్కిస్తున్నారు. జపాన్‌లోని బెల్ 2 ప్రయోగం కొత్త కొలతలు తీస్తోంది.