టీవీ పాటల పోటీలు: అపోహలు - వాస్తవాలు

టీవీ పాటల పోటీలకు వెళ్లే పిల్లల చేత గొంతు సాధన చేయించడం నా వృత్తి. పద్నాలుగేళ్లుగా ఇదే పని. కొత్తగా ఎవరు వచ్చినా, పక్కన అమ్మానాన్నలు కూర్చున్నా, మొదటి అరగంటలో దాదాపు అవే మాటలు వింటుంటాను. వాటిని నమ్మి వెళ్లి గొంతు పాడుచేసుకున్నవాళ్లను, పాటంటేనే విరక్తి పుట్టినవాళ్లను దగ్గర నుంచి చూశాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: మంచి గొంతుంటే చాలు, రాత్రికి రాత్రే స్టార్ అయిపోవచ్చు.

'రాత్రికి రాత్రే' అన్నది టీవీ ముందు కూర్చున్నవాళ్ల లెక్క. వాళ్లు ఆ గొంతు మొదటిసారి విన్నది ఆ రాత్రే కాబట్టి అలా అనిపిస్తుంది. రేవంత్ 2017లో ఇండియన్ ఐడల్ గెలిచేనాటికే తెలుగులో ఎన్నో సినిమా పాటలు పాడి ఉన్నాడు. సునిధి చౌహాన్ 1996లో దూరదర్శన్ పోటీ గెలిచినప్పుడు చిన్నపిల్లే, కానీ ఆ వయసుకే ఎన్నో స్టేజీలెక్కి పాడింది.

ఒక్క మంచి గొంతును నమ్ముకుని వచ్చినవాళ్లు నాలుగైదు వారాలకే తేలిపోతారు. పోటీకి కావలసింది ఒక గొప్ప పాట కాదు, వారం వారం కొత్త పాట. పాట చేతికొచ్చాక నేర్చుకోవడానికి దొరికేది రెండు మూడు రోజులే. అందులోనే బ్యాండ్‌తో రిహార్సల్, ఇంటర్వ్యూ షూటింగ్, డ్రెస్ ట్రయల్, డ్యాన్స్ ఉంటే దాని ప్రాక్టీసు. ఒరిజినల్‌లో నాలుగైదు నిమిషాలున్న పాటను ఒకటిన్నర, రెండు నిమిషాలకు కుదిస్తారు. ఇంట్లో వందసార్లు పాడి అలవాటైన పల్లవి అక్కడ సగంలోనే చరణంలోకి దూకుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు బాగా వచ్చిన పాట ఏదని నేను అడగను. అసలు విననే లేని పాట ఒకటి ఇచ్చి, రేపు వచ్చి పాడమంటాను. రెండో రోజు ఎలా పాడారన్నదే నాకు ముఖ్యం.

అపోహ: ఎంత పై స్కేల్‌లో పాడితే జడ్జిలకు అంత నచ్చుతుంది.

పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పందొమ్మిదేళ్ల అమ్మాయి. పాప్ పాటలకు చక్కగా సరిపోయే గొంతు, కింది స్వరాల్లో కాస్త బొంగురుగా ఉండి వినగానే మనసుకు హత్తుకునేది. ఒక వారం ఆమెకు బాగా పైకెళ్లే పాట వచ్చింది. ఉదయం నా దగ్గర బాగానే పాడింది. సాయంత్రం బ్యాండ్‌తో మూడో రిహార్సల్. నేను స్టేజి కింద నిలబడి చూస్తున్నాను. పై స్వరం వచ్చే ముందే గడ్డం పైకి లేస్తోంది, భుజాలు బిగుసుకుంటున్నాయి, మెడ పక్కన నరం ఉబ్బుతోంది. స్వరం పలికింది గానీ, ఆ వెంటనే వచ్చిన మాట గాలిలో కలిసిపోయింది. కీబోర్డు ఆర్టిస్టును స్కేల్ రెండు మెట్లు దించమన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేడమ్, ఒరిజినల్ స్కేల్‌లో పాడకపోతే పాడలేకపోయిందనుకుంటారు" అంది.

ఆమె గొంతులో ఏం జరుగుతోందో అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. స్వరతంత్రులు గోరంత పొడవుండే రెండు మెత్తటి మడతలు. ఎ 440 అని బ్యాండ్ వాళ్లు ట్యూన్ చేసుకునే స్వరం పాడితే అవి సెకనుకు 440 సార్లు ఒకదానికొకటి తగిలి విడిపోతాయి. సోప్రానోలు, అంటే బాగా పై స్వరాల్లో పాడే పాశ్చాత్య గాయనులు, పాడే హై సి అనే స్వరం దగ్గర వెయ్యి సార్లు దాటుతుంది. ఆ వేగంతో, అంత ఒత్తిడితో రోజుకు పాతిక ముప్పై టేకులు పాడితే అవి వాస్తాయి. వాచిన మడతలు సరిగా కలవవు, మధ్యలోంచి గాలి పోతుంది. అది కప్పిపుచ్చుకోవడానికి ఇంకా గట్టిగా నెడతాం, ఇంకా వాస్తాయి. పోటీ ఆ వారంతో అయిపోదు కదా, ఇంకా ఆరు వారాలుంది.

స్కేల్ దించాక పల్లవిలోని కింది పంక్తి ఆ బొంగురు గొంతులోకి వచ్చి కూర్చుంది. ఎపిసోడ్‌లో ఒక జడ్జి ఆ పంక్తి గురించే మాట్లాడారు. స్కేల్ ఊసు ఎవరూ ఎత్తలేదు. పై స్వరం పలికినప్పుడు చప్పట్లు వస్తాయి, కాదనను. కానీ విన్నవాళ్లకు గుర్తుండేది మాట స్పష్టంగా, బరువుగా పలికిన చోటే.

ఇంకో సంగతి. సొంత పాట తమకు వినపడటానికి స్టేజి మీద చెవుల్లో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లను చాలామంది పాట మధ్యలో ఒకవైపు తీసేస్తారు. చప్పట్లు వినాలని. తీయగానే డ్రమ్స్ హోరులో సొంత గొంతు వినపడదు, తెలియకుండానే అరవడం మొదలవుతుంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి గొంతు దానంతటదే పెరుగుతుందని ఫ్రాన్స్‌కు చెందిన లంబార్డ్ అనే వైద్యుడు వందేళ్ల క్రితమే గమనించాడు. సౌండ్ చెక్‌లో "నా గొంతు ఇంకొంచెం పెంచండి సార్" అని అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: టీవీలో వినిపించేదంతా ఆటోట్యూన్ మహిమే.

సగం నిజం. రికార్డు చేసి ప్రసారం చేసే ఎపిసోడ్లలో సౌండ్ మిక్సింగ్ జరుగుతుంది, ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి తప్పిన స్వరాలు సరిదిద్దే వీలు కూడా ఉంది. 2010లో బ్రిటన్ ఎక్స్ ఫ్యాక్టర్ ఆడిషన్లలో గొంతులను అలా సరిచేశారని ప్రేక్షకులే పట్టుకున్నారు, నిర్మాతలు ఒప్పుకోక తప్పలేదు. 1997లో ఆటోట్యూన్‌ను తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి లోపల చమురు ఎక్కడుందో ధ్వని తరంగాలతో కనిపెట్టే పనిలో ఉండేవాడు. అదే గణితం పాటకు పనికొచ్చింది.

అయితే అది దిద్దేది స్వరస్థానాన్ని మాత్రమే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అది చెప్పదు, నలిగిపోయిన మాటను విప్పి చెప్పలేదు. శ్రుతి తప్పకుండా పాడి కూడా ఎవరికీ గుర్తుండని పాటలు ప్రతి సీజన్‌లో వింటాం.

అపోహ: గెలిచినవాళ్లకే భవిష్యత్తు.

జెన్నిఫర్ హడ్సన్ 2004లో అమెరికన్ ఐడల్ నుంచి ఏడో స్థానంలో వెనుదిరిగింది. 2007లో ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకుంది. ప్రపంచమంతా పేరున్న పాప్ బృందం వన్ డైరెక్షన్ కుర్రాళ్లు 2010 ఎక్స్ ఫ్యాక్టర్‌కు ఎవరికి వారుగా వచ్చారు, ఒంటరిగా ముందుకు వెళ్లలేకపోతే అక్కడే ఒక బృందంగా కలిపారు. ఆ బృందం వచ్చింది మూడో స్థానంలోనే. అర్జిత్ సింగ్ 2005లో ఫేమ్ గురుకుల్ గెలవలేదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి స్టూడియోల్లో తెర వెనక పనిచేశాడు. దేశమంతా అతని పేరు వినిపించింది 2013లో.

గెలుపు వృథా అని కాదు. కెల్లీ క్లార్క్‌సన్ 2002లో తొలి అమెరికన్ ఐడల్ గెలిచింది, 2006లో రెండు గ్రామీలు తీసుకుంది. మన శ్రీరామచంద్ర 2010లో ఇండియన్ ఐడల్ గెలిచి తెలుగువాళ్లందరి నోళ్లలో నానాడు. కానీ ట్రోఫీ మీద ఆశతో పిల్లలు ఓడిన రాత్రి కుప్పకూలిపోవడం చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. 2002లో బ్రిటన్ పాప్ ఐడల్ ఫైనల్‌లో గారెత్ గేట్స్ ఓడిపోయాడు. అతనికి పడినవి దాదాపు 41 లక్షల ఓట్లు! విల్ యంగ్‌కు 46 లక్షలు. ఓటు గొంతుకు వేసిన మార్కు కాదు, ఆ వారం ఎవరు ఎక్కువమందికి నచ్చారన్న లెక్క.

అపోహ: కన్నీటి కథ లేకపోతే ముందుకు వెళ్లలేం.

గారెత్ గేట్స్ గురించే ఇంకో మాట. అతనికి నత్తి. ఆడిషన్‌లో తన పేరు చెప్పడానికే చాలాసేపు పట్టింది. పాట అందుకున్నాక ఒక్క అక్షరం తడబడలేదు. నత్తి ఉన్న చాలామందికి పాడేటప్పుడు అది అడ్డురాదు. ఆ కుర్రాడు కథ చెప్పలేదు, జనం ముందు ఉన్నదున్నట్టు నిలబడ్డాడు.

నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి చేత, చనిపోయిన వాళ్ల నాన్న గురించి కెమెరా ముందు మాట్లాడించారు. ఏ షో అన్నది ఇక్కడ అనవసరం. వాడు ఏడ్చాడు. లైటింగ్ సరిగా రాలేదని అదే మళ్లీ చెప్పించారు. ఆ సాయంత్రం వాడు పాడాల్సిన పాటకు గొంతు లేదు. ఏడ్చినప్పుడు గొంతు లోపలంతా బిగుసుకుపోతుంది, స్వరతంత్రులు వాస్తాయి. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే: ఇంట్లో ఏ విషయం బయట చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అన్నది షోకు వెళ్లకముందే పిల్లలతో కూర్చుని తేల్చుకోండి. "దాని గురించి మాట్లాడను సార్" అనే వాక్యాన్ని కూడా వాళ్ల చేత ప్రాక్టీసు చేయించండి. నేను చేయిస్తాను.

అపోహ: గొంతు బొంగురుపోతే గోరువెచ్చని నీళ్లు తాగి, గుసగుసగా మాట్లాడితే సర్దుకుంటుంది.

తాగిన నీళ్లు అన్నవాహికలోకి వెళ్తాయి, స్వరతంత్రులను తాకనే తాకవు. తాకితే పొలమారుతుంది! నీళ్లు ఒంటికి పట్టి అక్కడిదాకా చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి ముందు రోజు నుంచే తాగుతుండాలి. స్టేజి ఎక్కే ముందు సీసాడు నీళ్లు తాగితే వచ్చే లాభం లేదు. గుసగుస విశ్రాంతి కాదు, చాలామందికి మామూలు మాటకంటే ఎక్కువ శ్రమ. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమంటే ఆ రెండు మడతలను గట్టిగా కొట్టడమే. పనికొచ్చేవి నిద్ర, మౌనం, ఆవిరి పట్టడం. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. పాడుతుండగా గొంతు ఉన్నట్టుండి మూగబోతే ఆ రోజే వెళ్లాలి. బ్రిటన్ గాయని అడెల్ 2011లో కచేరీలన్నీ ఆపేసి గొంతుకు ఆపరేషన్ చేయించుకుంది. 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద పాడి, అదే రాత్రి ఆరు అవార్డులతో వెళ్లింది. ఆమె ఆగింది కాబట్టే మళ్లీ పాడగలిగింది.

పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. గొంతు మారే ఆ నెలల్లో పై స్వరాల కోసం వాళ్లను బలవంతపెట్టకండి, అది ఏ పోటీ అయినా సరే.

అపోహ: గెలిస్తే కాంట్రాక్టు వస్తుంది, కాంట్రాక్టు వస్తే డబ్బే డబ్బు.

రికార్డింగ్ కంపెనీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు బహుమతి కాదు. మీ పాటల మీద రాబోయే రాయల్టీలోంచి, అంటే ఆ పాటల రాబడిలో మీ వాటాలోంచి, ఆ మొత్తం తిరిగి జమయ్యేదాకా మీకు రాయల్టీ చేతికి రాదు. చాలాచోట్ల రికార్డింగ్ ఖర్చు కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. పైగా ఈ కాగితాల మీద సంతకాలు గెలిచాక కాదు, పోటీలోకి అడుగుపెట్టేటప్పుడే తీసుకుంటారు. ఎన్నేళ్లు, ఎన్ని ఆల్బమ్‌లు, బయట కచేరీలు చేసుకోవచ్చా, మీ పేరు, ఫొటో ఎవరి చేతిలో ఉంటాయి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. ఆడిషన్‌లో సెలక్టయిన సంబరంలో ఎవరూ చదవరు.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు మాత్రం ఒక్క రాత్రి టైమ్ అడిగి ఆ కాగితాలు ఇంటికి తెచ్చాడు. తెలిసిన లాయర్ చదివి మూడు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టారు. మర్నాడు వాడు వణుకుతూనే వెళ్లి అడిగాడు. రెండు మార్చి ఇచ్చారు, మూడోది మార్చలేదు. ఆ మూడోది ఏమిటో పూర్తిగా తెలిసే సంతకం పెట్టాడు.