రొయ్య పెంకు, పీత డొప్ప: అపోహలు – వాస్తవాలు

అపోహ: పెంకు మెత్తబడిన రొయ్య చెడిపోయినట్టే.

వాస్తవం: రొయ్యల నాణ్యత పరీక్షించే పనిలో రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉంటాను. కైటిన్, ప్రోటీన్లు, కాల్షియం కార్బొనేట్ కలిసి గట్టిపడిన ఈ పెంకు నత్తగుల్లలాగా అంచున పెరుగుతూ పోయేది కాదు కనుక, ఒళ్లు పెరగాలంటే రొయ్యయినా పీతయినా కుబుసం విడవక తప్పదు. పాత పెంకు కిందనే కొత్తది మెత్తగా తయారవుతుంది. పాతదానిలోని కాల్షియం కొంత తిరిగి ఒంట్లోకి చేరుతుంది. బయటపడగానే జీవి నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ కొలతకే కొత్త పెంకు గట్టిపడుతుంది. జీర్ణాశయం లోపలి పొర కూడా కుబుసంతోపాటే ఊడిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

గట్టిపడటానికి రొయ్యకు ఒకటి రెండు రోజులు చాలు, పెద్ద పీతకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆలోగా పట్టిన రొయ్య మెత్తగా ఉన్నా తాజాదే కావచ్చు. చెడిపోయిందో లేదో వాసన, జిగురు, తల ఊడివస్తున్న తీరు చెబుతాయి. మండ పీతను మాత్రం కాళ్ల మొదళ్ల దగ్గర, పొట్టవైపు బొటనవేలితో నొక్కి చూడండి: లోపలికి పోతే మాంసం తక్కువ, నీరు ఎక్కువ. దానికి పూర్తి ధర పెట్టడం దండగని నా అభిప్రాయం.

అపోహ: తల మీద, కణుపుల అంచుల్లో నల్లమచ్చలుంటే రొయ్యకు జబ్బు ఉన్నట్టు.

వాస్తవం: బతికి ఉండగా పెంకును గట్టిపరచి గాయాలు మాన్పడానికి తోడ్పడే ఎంజైమే, చనిపోయాక గాలి తగిలి మెలనిన్ అనే నల్లని వర్ణకం తయారీకి కారణమవుతుంది. భీమవరం, నెల్లూరుల నుంచి వచ్చే సరుకులో దారిలో ఐసు చాలకపోతే ఈ నలుపు త్వరగా కనిపిస్తుంది. మచ్చ హానికరం కాదు, కానీ వాసన చూడక కొనవద్దు. మచ్చ రాకుండా సల్ఫైటు మోతాదు మించి వాడిన తెల్లని రొయ్యే, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి, ఎక్కువ ప్రమాదం.

అపోహ: ఉడికించగానే ఎర్రబడితే రంగు కలిపినట్టు.

వాస్తవం: పెంకులోని అస్టాక్సాంథిన్ అనే సహజ వర్ణకాన్ని పట్టి ఉంచిన ప్రోటీను వేడికి విడిపోయి, దాని అసలు ఎరుపు బయటపడుతుంది, అంతే.

అపోహ: పొట్టు తీసి బాగా ఉడికిస్తే అలర్జీ రాదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. అలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఉండేది కండలో, పైగా అది వేడికి చెక్కుచెదరదు. రొయ్య తిని ఒకసారి పెదవులు వాచినా, ఊపిరాడకపోయినా వైద్యుణ్ని అడగకుండా మళ్లీ రుచి చూడవద్దు. హోటల్లో చేప ముక్క తెప్పించుకున్నా, అదే నూనెలో రొయ్యలు వేయిస్తున్నారేమో అడగండి. కొందరికి వంటింట్లో ఉడుకుతున్న రొయ్యల ఆవిరి తగిలినా ఇబ్బంది మొదలవుతుంది.